ఆరోగ్యశ్రీ కార్డుకు కనబడని దారి: వరంగల్ పిల్లల క్యాన్సర్ కథ

ఆగస్టు మొదటి వారం. హాజరు పట్టీ ముందు పెట్టుకొని ఎర్ర పెన్ను మూత తీశాను. ఐదో తరగతిలో ఒక పాప, బడి తెరిచిన పది రోజుల తర్వాత మళ్లీ కనబడలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. తల్లిదండ్రులు హైదరాబాద్‌కు పనికి పోయి ఉంటారనుకున్నాను. హన్మకొండ శివారు బడుల్లో అది మామూలే. ఇక పేరు కొట్టేయడమే మిగిలింది. సరిగ్గా ఆ సాయంత్రమే వాళ్లమ్మ బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం వచ్చింది.

"పేరు తీసెయ్యకుండ్రి సార్. బిడ్డకు బ్లడ్ క్యాన్సర్ అన్నరు. మల్ల బడికి పోదువని చెప్పుకుంటనే సూదులేయిస్తున్న."

ఆ తర్వాత రెండున్నరేళ్లు ఆ కుటుంబం వెంట అప్పుడప్పుడు తిరిగాను. వాళ్ల వల్ల ఇంకొన్ని కుటుంబాలు పరిచయమయ్యాయి. నేను డాక్టర్ను కాను, దరఖాస్తు రాయడం వచ్చిన బడిపంతుల్ని. వైద్యం గురించి తెలిసిందంతా ఓపీ బెంచీల మీద కూర్చొని, అడిగి, ఇంటికొచ్చి చదివి తెలుసుకున్నదే. నేను చూసినంతలో ఈ కుటుంబాలకు మందు దొరికింది. మందుకూ ఇంటికీ మధ్య ఉన్న దారిలోనే వాళ్లు అలసిపోయారు. క్యాన్సర్ పిల్లల తరఫున వకాల్తా పుచ్చుకోవాలనుకునేవాళ్లు ముందు ఆ దారిని అడుగడుగునా చూడాలని నాకనిపిస్తుంది.

పిల్లలకొచ్చే క్యాన్సర్ పెద్దవాళ్ల క్యాన్సర్ లాంటిది కాదు. గుట్కా, చుట్ట, తాగుడు లాంటి కారణాలు ఇక్కడ లేవు. సుమారు పదిమందిలో ఒకరికి పుట్టుకతో వచ్చిన జన్యు లోపం ఉంటుంది. మిగతావాళ్లలో చాలామందికి ఎందుకొచ్చిందో చెప్పలేరు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిన్నదాని వల్ల రాదు, పక్కన కూర్చుంటే అంటదు. దాదాపు మూడో వంతు లుకేమియాలే. అందులోనూ ఎక్కువ కనబడేది ఏఎల్ఎల్, అంటే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. మా బడి పాపకు వచ్చింది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు క్యాన్సర్ వస్తుంది. సంపన్న దేశాల్లో వాళ్లలో 80 శాతానికి పైగా బాగవుతుంటే, చాలా పేద, మధ్య ఆదాయ దేశాల్లో 30 శాతం కూడా దాటడం లేదు. ఈ తేడా తగ్గించి 2030 నాటికి కనీసం 60 శాతానికి తేవాలని ఆ సంస్థ 2018లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మందులేమో అక్కడా ఇక్కడా చాలావరకు అవే. పైగా ఏఎల్ఎల్ పిల్లలు వారానికోసారి మింగే మెథోట్రెక్సేట్ గోళీ వెనక భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన ఉంది. తెలుగువాడి చెయ్యి పడ్డ మందు తెలుగు పిల్లలందరికీ సమయానికి అందుతుందా అంటే, అందుకే ఈ వ్యాసం.

దారిలో మొదటి మలుపు ఊర్లోనే ఉంటుంది. పిల్ల తెల్లగా పాలిపోతుంది, జరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, కాళ్లు నొప్పులని రాత్రిళ్లు ఏడుస్తుంది, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నీలం మచ్చలు. ఇవన్నీ వేరే చిన్న జబ్బుల్లోనూ ఉంటాయి కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం. ముందు ఆర్‌ఎంపీ, తర్వాత పసిరికలేమోనని పసరు మందు, ఆపైన హన్మకొండలో పిల్లల డాక్టరు, అక్కడి నుంచి వరంగల్‌లోని ప్రభుత్వ దవాఖాన ఎంజీఎం, చివరికి హైదరాబాద్. ఈ తిరుగుడులో పోయే వారాల కన్నా నాకు ఎక్కువ భయం వేసేది ఒక చిన్న ఇంజెక్షన్‌తో. జరం, నొప్పులు తొందరగా తగ్గాలని డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఇవ్వడం పల్లెల్లో కొత్త కాదు. స్టెరాయిడ్ లుకేమియా మీద పనిచేసే మందు. అందుకే పిల్ల రెండు వారాలు తేటపడుతుంది, పరీక్షలో క్యాన్సర్ కణాలు తప్పించుకుంటాయి. తర్వాత బయటపడ్డప్పుడు వ్యాధి ఏ స్థాయిలో ఉందో తేల్చడం డాక్టర్లకు కష్టమవుతుంది. ఇక్కడ వకాల్తా అంటే ఆర్‌ఎంపీలతో కొట్లాట కాదు. వాళ్లను కూర్చోబెట్టి "తగ్గని జరం, పాలిపోవడం, మచ్చలు కలిసి కనబడితే స్టెరాయిడ్ వద్దు, ముందు సీబీపీ చేయించండి" అని చెప్పడం. సీబీపీ మామూలు రక్త పరీక్షే, ఖరీదైనదేమీ కాదు.

కంటిపాపలో తెల్లటి మెరుపు, స్నానం చేయిస్తుంటే కడుపులో చేతికి తగిలే గడ్డ కూడా ఈ కోవలోవే. మొదటిది రెటినోబ్లాస్టోమా కావచ్చు, రెండోది కిడ్నీకి వచ్చే విల్మ్స్ గడ్డ. ఫోన్‌లో ఫ్లాష్‌తో ఫొటో తీసినప్పుడు ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా పడితే ఫోన్‌ను తిట్టుకోకుండా కంటి డాక్టరుకు చూపించాలి.

ఇక కార్డు సంగతి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే మేం మాట్లాడుకుంటున్న కుటుంబాల్లో చాలామంది మొదటి నెల కూడా దాటేవాళ్లు కాదు. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది. దవాఖానలో ఉండే ఆరోగ్యమిత్ర దగ్గరికి రేషన్ కార్డు, ఆధార్ పట్టుకొని వెళ్తే అనుమతి పని మొదలవుతుంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ, పంజాగుట్ట నిమ్స్, బంజారాహిల్స్ బసవతారకం వైపు మన జిల్లాల జనం దారి పట్టేది అందుకే. అయితే ఈ పథకం మంచం మీద ఉన్న రోగిని చూసి కట్టిన లెక్క. ఏఎల్ఎల్ చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. అందులో పిల్ల దవాఖాన మంచం మీద ఉండే రోజులు తక్కువ, బస్సులో, లాడ్జిలో, ఇంటి అరుగు మీద ఉండే రోజులే ఎక్కువ.

వరంగల్ నుంచి హైదరాబాద్ నూట యాభై కిలోమీటర్ల లోపే కదా అంటారు. ఏటూరునాగారం నుంచి వచ్చేవాళ్లకు వరంగల్ చేరేసరికే వంద కిలోమీటర్లు అవుతుంది. మహాలక్ష్మి పథకం వచ్చాక తల్లికి ఎక్స్‌ప్రెస్ బస్సులో టికెట్ ఖర్చు లేదు, అది చిన్న సాయం కాదు. కానీ రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లతో కిక్కిరిసిన బస్సులో మూడు గంటలంటే తల్లి ప్రాణం అరచేతిలో ఉంటుంది. చాలామందికి తెలియని సంగతి రైల్వే రాయితీ. చికిత్సకూ, చెకప్‌లకూ వెళ్లే క్యాన్సర్ రోగికి సెకండ్ క్లాస్‌లో 75 శాతం, స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో నూరు శాతం చార్జీ తగ్గిస్తారు. తోడు వెళ్లే ఒకరికీ రాయితీ ఉంది. దానికి దవాఖాన నుంచి నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ కావాలి. మంచిర్యాల, పెద్దపల్లి నుంచి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తూ ఏడాది పాటు పూర్తి టికెట్ కొన్న ఒక తండ్రి నాకు తెలుసు. ఆ ఫారం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడగలేదు, ఎందుకంటే ఉందని తెలిస్తే కదా అడిగేది.

ఉండటానికి చోటు ఇంకో సమస్య. మొదటి నెల, ఇండక్షన్ అనే తొలి దశ చికిత్సలో పిల్లలకు స్టెరాయిడ్ నోటి ద్వారా ఇస్తారు. దాంతో విపరీతమైన ఆకలి. మా పాప రాత్రి రెండు గంటలకు లేచి సర్వపిండి కావాలని మంకుపట్టు పట్టిందట. లాడ్జి గదిలో పొయ్యి ఎక్కడిది? బయట దొరికేవేమో పెట్టొద్దన్నారు. వాళ్లమ్మ ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది గానీ, వండుకునే చోటున్న బస ఎందుకు అవసరమో నాకు అప్పుడే అర్థమైంది. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ 2006లో ముంబైలో మొదలై, హైదరాబాద్‌లోనూ బయటి ఊళ్ల నుంచి వచ్చే క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస, వంటకు చోటు ఇస్తోంది. 2004లో ఢిల్లీలో మొదలైన క్యాన్‌కిడ్స్ కూడా ఇలాంటి కుటుంబాల కోసమే పనిచేస్తుంది. మెడికల్ సోషల్ వర్కర్‌ను మొదటి రోజే కలిస్తే ఈ తలుపులు తెరుచుకుంటాయి. మూడో నెలలో కలిస్తే అప్పటికే బంగారం తాకట్టులో ఉంటుంది.

ఉత్తర తెలంగాణకు తనవైన చిక్కులు రెండున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు తండ్రి దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటాడు. కీమోకు సంతకం పెట్టాల్సింది తల్లి, డబ్బు పంపేది ఆయన, నిర్ణయం చెప్పేది ఫోన్‌లో మేనమామ లేదా తాత. వెన్నులోంచి నీరు తీస్తామంటే ఊర్లో అందరూ భయపెడతారు, కాళ్లు పడిపోతాయని. ఆ తల్లి పక్కన కూర్చొని, స్పీకర్ ఆన్ చేసి, డాక్టరు చెప్పింది తండ్రికి నేరుగా వినిపించడం కూడా వకాల్తాయే. రెండోది బీడీలు చుట్టే ఇళ్లు. బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంటే, కేంద్ర కార్మిక శాఖ సంక్షేమ పథకం కింద కుటుంబ సభ్యుల క్యాన్సర్ చికిత్స ఖర్చు తిరిగి పొందే వీలుంది. ఆ కార్డు బీరువాలో చీరల కింద ఉంటుంది, పథకం సంగతి ఎవరి నోటా రాదు.

నెత్తురు గురించి ఒక్క ముక్క. 1998 నుంచి దేశంలో డబ్బులిచ్చి రక్తం కొనడం నిషేధం. అందుకని దాతలను తెచ్చుకోమంటారు. ప్లేట్‌లెట్లు ఐదు రోజుల కన్నా నిలవ ఉండవు, కాబట్టి ఊరంతా ఒకేరోజు వ్యాన్ కట్టుకొని పోతే లాభం లేదు. దాతల పేర్లు, గ్రూపులు రాసుకొని వంతులవారీగా పంపితే ఉపయోగం. మా బడి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపు చేసిన పనికొచ్చే పని ఇదొక్కటేనని సరదాగా అంటుంటాను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన చోటికి వస్తాను. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు, అందులోనూ న్యూట్రోఫిల్స్ పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జరం వస్తే అది మామూలు జరం కాదు. దవాఖాన గుమ్మం దాటిన గంటలోపు నరం ద్వారా యాంటీబయాటిక్ పడాలన్నది వైద్యులు పెట్టుకున్న లక్ష్యం. రాత్రి పదకొండింటికి ములుగు అవతల ఊర్లో పిల్లకు జరం వస్తే ఆ గంట ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి? హైదరాబాద్ నాలుగైదు గంటల దూరం. మేం ఒకసారి దగ్గర్లోని ఒక దవాఖానకు తీసుకెళ్లాం, పేరు అనవసరం. క్యాజువాలిటీలో కుర్ర డాక్టరు చూసి "జరమే కదా, సిరప్ వేయండి, పొద్దున పిల్లల వార్డుకు రండి" అన్నాడు. అతనిది నిర్లక్ష్యమని నేననుకోను. రెండో మంచం మీద పాము కాటు, మూడో మంచం మీద యాక్సిడెంట్. ముందున్న పిల్ల తల మీద స్కార్ఫ్ ఎందుకుందో చెప్పే కాగితం అతని చేతిలో లేదు. హైదరాబాద్ డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడించేసరికి గంటన్నర పోయింది.

ఆ రాత్రి తర్వాత మేం చేసింది చాలా చిన్న పని. హైదరాబాద్ డాక్టరు దగ్గర ఒక పేజీ రాయించుకున్నాం. ఈ పిల్లకు ఏ జబ్బు, ఏ దశ చికిత్స, జరం వస్తే వెంటనే ఏ పరీక్ష, ఏ మందు, ఏ నంబరుకు ఫోన్. లామినేషన్ చేయించి ఒకటి తల్లి సంచిలో, ఒకటి ఇంటి గోడకు. దాన్ని వాళ్లు "జరం చిట్టి" అంటారు. తర్వాత రెండుసార్లు జరమొచ్చింది, రెండుసార్లూ చిట్టి చూపించగానే పని మొదలైంది.

వరంగల్‌లో ఒక పెద్ద పిల్లల క్యాన్సర్ దవాఖాన కట్టాలని కోరేవాళ్లున్నారు. కోరడం తప్పు కాదు. కానీ నా అభిప్రాయం కొంచెం వేరు. పిల్లల క్యాన్సర్ చికిత్సలో కొన్ని పనులు అనుభవజ్ఞుల చేతుల్లోనే ఉండాలి. విన్‌క్రిస్టిన్ నరంలోకి ఎక్కించే మందు, పొరపాటున వెన్నులోకి వెళ్తే ప్రాణం పోతుంది. అలాంటి మందును అరుదుగా వాడే చోట వాడమనడం కన్నా, కష్టమైన పని పెద్ద కేంద్రంలో, రోజువారీ పని దగ్గర్లో జరిగేలా పంచుకోవడం మేలు. బ్రిటన్‌లో చాలాకాలంగా పిల్లల క్యాన్సర్ చికిత్స ఇలాగే పెద్ద కేంద్రం, ఇంటి దగ్గరి దవాఖాన కలిసి చేస్తున్నాయి. మన దగ్గర 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, ఎంజీఎంలో పిల్లల విభాగం, బ్లడ్ బ్యాంక్ ఉన్నాయి. వారం వారం సీబీపీ, రక్తం ఎక్కించడం, జరానికి మొదటి డోసు, ఇవి ఇక్కడే జరిగితే ఒక కుటుంబానికి ఎన్ని ప్రయాణాలు తప్పుతాయో లెక్క వేయండి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని, మొదటి ఏడాదే 200 తెరుస్తామని చెప్పారు. వాటిలో పిల్లల డోసు తెలిసిన నర్సు ఉంటుందా, పెద్దల మధ్య కాకుండా వేరే గది ఉంటుందా అని ఇప్పుడే అడగాలి. కలెక్టర్ ప్రజావాణిలో ఇచ్చే అర్జీలో "క్యాన్సర్ దవాఖాన కావాలి" అని ఒక్క వాక్యం రాసే బదులు ఈ ప్రశ్నలు రాస్తే జవాబు చెప్పక తప్పదు.

చికిత్సకు వరుసగా నాలుగు వారాలు రాకపోతే వైద్యులు దాన్ని అబాండన్‌మెంట్ అంటారు. ఆ మాటలో తల్లిదండ్రులు బిడ్డను వదిలేశారన్న నింద వినబడుతుంది, నాకది నచ్చదు. జరిగేది వేరు. మొదటి నెల అయ్యాక పరీక్షలో క్యాన్సర్ కణాలు కనబడవు. పిల్ల బొద్దుగా అయి ఆడుకుంటుంది. "తగ్గింది కదా" అని వానాకాలం నాట్లకు ఊరికి పోతారు. కనబడని కణాలు మిగిలే ఉంటాయని, ఆపితే తిరగబెడుతుందని చెప్పేవాళ్లు ఆ సమయంలో పక్కన ఉండరు. చివరి దశ మెయింటెనెన్స్‌లో రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. నూటికి తొంభై అయిదు కన్నా తక్కువ మెర్కాప్టోప్యూరిన్ డోసులు మింగిన పిల్లల్లో వ్యాధి తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో చేసిన అధ్యయనాలు చెప్పాయి. వారపు గోళీని పొరపాటున రోజూ వేస్తే అదే విషం. చదువు రాని అవ్వ ఇంట్లో ఉంటే క్యాలెండర్‌లో శనివారాల మీద పసుపు బొట్టు పెట్టించండి. మా దగ్గర అది బాగా పనిచేసింది.

ఆపేసే నిర్ణయం ఆడపిల్లల విషయంలో తొందరగా వస్తుందా? ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు లాన్సెట్ ఆంకాలజీలో ప్రచురించిన పరిశీలనలో, ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులన్నీ నమోదు చేసే రిజిస్ట్రీల్లో కనిపించే ఆడపిల్లల వాటా కన్నా దవాఖాన దాకా వచ్చేవాళ్లలో వాళ్ల వాటా తక్కువని తేలింది. అంటే కొందరి విషయంలో ఆపేయడం కాదు, మొదలుపెట్టడమే లేదు.

మేడారం మాట కూడా చెప్పాలి. బిడ్డ బతికితే నిలువెత్తు బంగారం, అంటే బిడ్డ ఎత్తు బెల్లం, ఇస్తామని మొక్కుకున్న ఇళ్లు ఎన్నో. రక్తకణాల కౌంట్స్ తక్కువున్న పిల్లను లక్షల జనంలోకి తీసుకెళ్లడం ప్రమాదమే. అలాగని మూఢనమ్మకమని కసిరితే మనతో మాట్లాడటం మానేస్తారు, జాతరకు చెప్పకుండా పోతారు. బెల్లం తల్లిదండ్రులు తూచి ఇవ్వచ్చు, పిల్ల తర్వాత జనం లేని రోజు పోయి దండం పెట్టుకోవచ్చు. అమ్మవార్లకు దీనివల్ల కోపమొస్తుందని ఏ వడ్డె పూజారీ నాతో అనలేదు.

బడి దగ్గర నా తప్పు నేనే ఒప్పుకోవాలి. విద్యా హక్కు చట్టం 2009 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లను బడి నుంచి తీసేయడానికి లేదు. వెనకబడితే వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఎర్ర పెన్ను తీసేముందు నేనది గుర్తుంచుకోవాల్సింది. తిరిగొచ్చాక టీచరు చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. తరగతిలో ఎవరికైనా ఆటలమ్మ గానీ తట్టు గానీ వస్తే ఆ రోజే తల్లికి ఫోన్ చేయాలి. కీమోలో ఉన్న పిల్లకు ఆటలమ్మ ప్రాణం మీదకి తెస్తుంది, కానీ తాకిడి జరిగిన మొదటి నాలుగు రోజుల్లో దవాఖానకు చేరితే అడ్డుకునే మందులున్నాయి. జుట్టు లేదని వెక్కిరించే పిల్లల సంగతి నేను చూసుకున్నాను, పెద్ద కష్టం కాలేదు. "మా పిల్ల పక్కన కూర్చోబెట్టొద్దు" అన్న పెద్దవాళ్లతోనే ఎక్కువ మాట్లాడాల్సి వచ్చింది.

చివరి గోళీ మింగిన రోజున అందరూ అయిపోయిందనుకుంటారు. బతికి బయటపడ్డవాళ్ల వైపు మాట్లాడేవాళ్లు మనలో దాదాపు లేరు. డానోరూబిసిన్, డాక్సోరూబిసిన్ లాంటి మందులు ఏళ్ల తర్వాత గుండె మీద ప్రభావం చూపవచ్చు, అందుకే అప్పుడప్పుడు గుండెకు ఎకో స్కాన్ తీయాలి. సిస్‌ప్లాటిన్ వినికిడిని తగ్గిస్తుంది. తలకు రేడియేషన్ పడ్డ పిల్లలకు ఎదుగుదల, చదువు నెమ్మదిస్తాయి. ఏ మందు మొత్తం ఎంత పడిందో రాసిన ఒకటి రెండు పేజీల ట్రీట్‌మెంట్ సమ్మరీ అడిగి తీసుకోవాలి. పదిహేనేళ్ల తర్వాత ఆ పిల్ల కాన్పుకు వెళ్లినప్పుడు డాక్టరుకు పనికొచ్చేది ఆ కాగితమే. లావాటి ఫైలు చెదలు పడుతుంది, ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో దాచండి.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలున్నాయి, క్యాన్సర్ లేదు. కాలు తీసేసిన పిల్లవాడికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దానితో నెలకు 4,016 రూపాయల పింఛన్ దారి తెరుచుకుంటుంది. రెటినోబ్లాస్టోమాతో ఒక కన్ను తీసేసి రెండోది బాగున్న పాపకు మాత్రం లెక్క ప్రకారం 30 శాతమే, సాయానికి కావాల్సిన 40 శాతానికి చేరదు కాబట్టి ఏమీ రాదు. ఇది మార్చమని అడగాల్సిన నిబంధన. ఆరోగ్య బీమాలో పాత జబ్బులకు వేచి ఉండే గరిష్ఠ కాలాన్ని 2024లో నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు, అదొక ఊరట.

పెళ్లి సంగతి ఎవరూ పైకి అడగరు, అందరూ మనసులో పెట్టుకుంటారు. మామూలు ఏఎల్ఎల్ చికిత్స తీసుకున్న పిల్లల్లో చాలామందికి పెద్దయ్యాక సంతానానికి అడ్డుండదు. వంశపారంపర్యంగా వచ్చే కొన్ని రకాలు తప్ప, వాళ్లకు పుట్టే పిల్లలకు క్యాన్సర్ వస్తుందన్న భయానికి ఆధారం లేదు. అయినా చెప్పాలా, దాచాలా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి జవాబు తల్లిదండ్రులదీ కాదు, మా లాంటి సాయం చేసినవాళ్లదీ కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. నేనే ఒక సభలో ఆ పాపను వేదిక మీదకు పిలుద్దామనుకున్నాను. వాళ్లమ్మ సరేనంది. పాప తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు తొమ్మిదో తరగతి, హైస్కూల్‌కు మారింది. పోయిన వారం పాత అలవాటుగా నా దగ్గరికే వచ్చి లీవ్ లెటర్ రాసివ్వమంది, ఎకో తీయించుకోవడానికి హైదరాబాద్ పోవాలట. నువ్వే రాయమని కాగితం ఇచ్చాను. కారణం దగ్గర కాసేపు ఆగి, "హెల్త్ చెకప్" అని రాసి, కింద గీత గీసి, మడిచి జేబులో పెట్టుకుంది. ఒక్క రోజు సెలవు అడిగింది.